లేహ్ నుండి హాన్లే వరకు: ఒక ఫోను, అనేక ఫిర్యాదులు

లదాఖ్‌ను గూర్చి ఎవరు వ్రాసినా పాంగాంగ్ సరస్సు రంగులతో మొదలుపెట్టడం ఆనవాయితీ. ఆ రంగులు నిజంగానే వర్ణనకు అందవు గనుక ఆ పనిని మాకంటె సమర్థులకు వదిలిపెడుతున్నాము. 2024 జూన్ మొదటి వారంలో ఎల్.టి.సి. సౌకర్యం వినియోగించుకొని మేము దంపతులము చేసిన పది రోజుల యాత్రలో మూడవ ప్రయాణికుని వలె మా స్మార్ట్‌ఫోన్ కూడా వెంట వచ్చింది. విమానం టిక్కెట్లు, అనుమతి పత్రాలు, మందుల చీటీలు, బంధుమిత్రుల నంబర్లు, దారి చూపే పటాలు, కెమెరా, ఒక సంసారానికి కావలసిన సామగ్రి అంతా దాని పొట్టలోనే ఉన్నది. దానిని వదిలించుకొని మరొక జాతి ఫోనుకు మారిపోవలెనా అన్న చర్చ అప్పటికి ఆరు నెలలుగా మా ఇంటిలో నడుస్తున్నది. లదాఖ్ కొండలు ఆ చర్చను ఏ విధంగా మలుపు త్రిప్పినవో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఫోను మీద ఉన్న అభియోగాలు మనవి చేయాలి. 2019లో కొన్న ఈ ఫోను ఆండ్రాయిడ్ వర్గానికి చెందినది. తయారుచేసిన సంస్థ పేరు ఇక్కడ అప్రస్తుతం. కొన్న రెండేళ్ళ వరకు అప్పుడప్పుడు సాఫ్ట్‌వేర్ సవరణలు పంపిన ఆ సంస్థ ఆ తరువాత మమ్మల్ని పూర్తిగా మరచిపోయింది. ఆ మరపు ఫలితం 2023లో తెలిసింది. మా బ్యాంకు వారి యాప్ ఒక ఉదయం, ఈ పరికరంలోని ఆపరేటింగ్ సిస్టమ్ పాతబడినందున తాను ఇక పనిచేయజాలనని ప్రకటించి ఊరకున్నది. ఏదైనా ఫైలు తెరవబోతే ముందుగా ఒక వ్యాపార ప్రకటన ప్రత్యక్షమవుతుంది. డబ్బిచ్చి కొన్న వస్తువు తిరిగి మనకే సరుకులు అమ్మజూపడం మా తరం వారికి మింగుడుపడని విషయం. 32 జీబీల నిల్వ స్థలం ఎన్నడో నిండిపోయింది. (ఇందులో ఫోను తప్పు కొంత, మా బంధువర్గం తప్పు కొంత. రోజూ తెల్లవారుజామున గులాబీలతోను, సూర్యోదయాలతోను వచ్చే శుభోదయ సందేశాలు ఒక్కొక్కటీ చిన్నవే అయినా ఐదేళ్ళలో కొండంత పెరిగాయి.) ఇక బ్యాటరీ సంగతి సరేసరి. మధ్యాహ్న భోజనం వేళకే నీరసించిపోయేది.

మా అల్లుడు ఐఫోన్ వాడుక చేస్తాడు. పండుగకు వచ్చినప్పుడల్లా, "మామయ్యగారూ, ఇంక దానికి వి.ఆర్.ఎస్. ఇచ్చి పంపించేయండి. మీరిద్దరూ ఇటువైపు వచ్చేయండి" అని బోధిస్తూ ఉంటాడు. మాకు ఆ మాట రుచించినా మా శ్రీమతి ఒప్పుకోలేదు. ఆమె ఫోను కూడా అదే సంస్థవారిది, అదే వయసుది. మా అత్తగారు 2021లో కాలం చేశారు. ఆమెకు ఫోను మీద అక్షరాలు నొక్కడం వచ్చేది కాదు. వాట్సాప్‌లో మైకు గుర్తును నొక్కిపట్టి మాట్లాడి పంపేవారు. ఆవకాయలో ఆవపిండి పాళ్ళు, చుట్టాల ఇంటి కబుర్లు, "అన్నాలు తిన్నారా" అన్న ప్రశ్న, ఇటువంటివి మూడేళ్ళవి, వందల సంఖ్యలో మా శ్రీమతి ఫోనులో ఉన్నాయి. "ఇందులోవన్నీ అందులోకి వస్తాయా? అమ్మ మాటలు వస్తాయా? రాకపోతే నాకు ఏ ఫోనూ వద్దండీ" అని ఆమె తేల్చి చెప్పింది. అల్లుడు ఆ పూటకు మౌనం వహించాడు. చర్చ అక్కడ నిలిచిపోయి ఉండగా ప్రయాణం తేదీ దగ్గరపడింది.

సోదర ఉద్యోగులు చేసిన హెచ్చరిక ననుసరించి మేము బయలుదేరే ముందే మా నంబరును ప్రీపెయిడ్ నుండి పోస్ట్‌పెయిడ్‌కు మార్పించుకున్నాము. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ కనెక్షన్లు లదాఖ్‌లో పనిచేయవు. మా శ్రీమతి ఫోను ప్రీపెయిడ్‌ది గనుక దానిని అమ్మాయి దగ్గర భద్రపరచి వచ్చాము. అది ఎంత మంచి పనో లేహ్ విమానాశ్రయంలో తెలిసింది. 3,256 మీటర్ల ఎత్తున ఉన్న ఆ చిన్న విమానాశ్రయంలో సామాను కొరకు నిలబడిన వారిలో సగం మంది తమ తమ ఫోన్లను తిట్టిపోస్తున్నారు. ఒకాయన ఫోనును నాలుగుసార్లు ఆపి నాలుగుసార్లు వెలిగించాడు. మరొకామె, ఈ కంపెనీ ఫోను కొనవద్దని మొదటే చెప్పానని భర్తపై విరుచుకుపడింది. నిజానికి ఆ ఫోన్లలో ఏ దోషమూ లేదు. సరిహద్దు ప్రాంతంలో భద్రత దృష్ట్యా విధించిన నిబంధన అది. లక్ష రూపాయల ఫోనుకూ పది వేల ఫోనుకూ అక్కడ ఒకటే గతి. మా మనసులో మొదటి అనుమానం అక్కడే అంకురించింది. మనం ఫోను మీద మోపే నేరాలలో ఫోనువి ఎన్ని, ఇతరులవి ఎన్ని?

లేహ్‌లో గాలి పీడనం సముద్రతీరంలో ఉండే దానిలో సుమారు మూడింట రెండు వంతులే. అందువలన వచ్చిన యాత్రికులు రెండు రోజులు కదలకుండా విశ్రమించాలని వైద్యులు చెబుతారు. మేము ఆ నియమం పాటించి సాయంత్రాలు మాత్రం బజారులో నెమ్మదిగా నడిచాము. దుకాణాలలో వేలాడే టీషర్టులన్నిటి మీద ఒకే అంకె: ఖార్దుంగ్ లా, 18,380 అడుగులు. ఆ అంకెను జ్ఞాపకం పెట్టుకొనవలసిందిగా పాఠకులకు మనవి. సరిహద్దు ప్రాంతాలలోనికి పోవడానికి కావలసిన అనుమతి పత్రం ఇప్పుడు ఇంటర్నెట్ ద్వారా రుసుము కట్టి పొందవచ్చు. మేము అలాగే పొందాము. అది ఫోనులో చక్కగా ఉన్నది కదా అంటే మా డ్రైవరు నవ్వి, ప్రతి చెక్‌పోస్టులోనూ ఒక కాగితం ఇవ్వాలి సాబ్ అన్నాడు. లేహ్ బజారులోని జిరాక్స్ దుకాణం ముందు అదే పని మీద వచ్చిన యాత్రికులు పదిహేను మంది వరుసలో ఉన్నారు. మా శ్రీమతి ఆ అవకాశంలోనే హోటలు నంబరు, డ్రైవరు నంబరు, లేహ్ ఆసుపత్రి నంబరు, అమ్మాయి, అల్లుడి నంబర్లు తన చిన్న చేతిపుస్తకంలో పెన్సిలుతో వ్రాసుకున్నది. పాల లెక్కలకు, చాకలి పద్దుకు వాడే పుస్తకమది.

మూడవ నాడు ఉదయం ఖార్దుంగ్ లా ఎక్కాము. లేహ్ నుండి నలభై కిలోమీటర్లు మాత్రమే అయినా రెండు కిలోమీటర్ల ఎత్తు ఎక్కాలి. సగం దారిలోనే ఫోనులో సంకేతాల గీతలు ఒకటొకటిగా రాలిపోయాయి. కనుమ మీద మంచు తెరలు తెరలుగా కురుస్తున్నది. అక్కడ గాలి పీడనం సముద్రమట్టం వద్ద ఉండే దానిలో ఇంచుమించు సగం. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం వస్తుంది. అందరూ బోర్డు ముందు ఛాయాచిత్రాల కొరకు త్రోసుకుంటూ ఉండగా మేము వాహనం చాటున నిలబడి ఫోనులో ఎత్తును కొలిచే సాధనం తెరిచాము.

టవరు సంకేతం లేకపోతే ఫోను సర్వం మూగబోతుందని చాలామంది అనుకుంటారు. జీపీఎస్‌కు టవరుతో అవసరం లేదు. భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు నిరంతరం సమయాన్ని ప్రకటిస్తూ ఉంటాయి. ఫోను ఏమీ పంపదు, వింటుంది. నాలుగు ఉపగ్రహాల మాట వినబడితే ఆ కాలభేదాలను బట్టి తానెక్కడ ఉన్నదీ, ఎంత ఎత్తున ఉన్నదీ లెక్క కట్టుకుంటుంది. పటాలను లేహ్‌లోనే దింపి ఉంచుకున్నందున మేము పోయే దారి కూడా చుక్క తప్పకుండా కనబడుతున్నది. రెండు నిమిషాలలో తెర మీద 5,367 మీటర్లు అన్న అంకె నిలిచింది. అంటే సుమారు 17,600 అడుగులు. టీషర్టు మీది 18,380కి దీనికి దాదాపు ఎనిమిది వందల అడుగుల తేడా! ఆధునిక పద్ధతులలో కొలిచినవారు ఖార్దుంగ్ లా ఎత్తు 5,359 మీటర్లని ఏనాడో చెప్పారు. ఐదేళ్ళ వయసు గల మా ఫోను ఆ కొలతకు ఎనిమిది మీటర్ల దూరంలో నిలిచింది. జీపీఎస్ ఎత్తులలో ఆ మాత్రం భేదం సహజం. వృత్తిరీత్యా కొలతలతో కాలం గడిపిన వారము గనుక, అన్ని తిట్లు తిన్న ఆ పరికరం మీద ఆ క్షణాన మాకు గౌరవం కలిగింది. "టీషర్టు కొనవద్దులెండి, తప్పుడు లెక్క" అని మా శ్రీమతి పొదుపు కూడా చేయించింది.

నుబ్రా లోయను గూర్చి క్లుప్తంగా చెబుతాము. డిస్కిత్ వద్ద 32 మీటర్ల మైత్రేయ బుద్ధుని విగ్రహం, హుండర్ వద్ద తెల్లని ఇసుక తిన్నెలు, రెండు మూపురాల ఒంటెలు, అన్నీ వినినట్లే ఉన్నాయి. హుండర్‌లో ఒక రాత్రి గడిపి, ష్యోక్ నది వెంబడి పాంగాంగ్‌కు చేరుకున్నాము. ఆ రాతి దారిలో ఐదారు గంటల పాటు ఒక్క టవరు కూడా మాకు తగలలేదు.

పాంగాంగ్ సరస్సు సుమారు 4,225 మీటర్ల ఎత్తున ఉన్నది. పొడవు దాదాపు 134 కిలోమీటర్లు, అందులో మూడవ వంతు మన వైపున. స్పాంగ్మిక్ గ్రామం వద్ద ఒక గుడారాల శిబిరంలో దిగాము. సూర్యుడు కొండ చాటుకు పోవడంతోనే చలి కత్తివలె దిగింది. రాత్రి తొమ్మిది గంటల ప్రాంతంలో మా శ్రీమతికి తీవ్రమైన తలనొప్పి, ఆ వెంటనే వాంతులు. మా వద్దనున్న చిన్న ఆక్సిమీటరు వ్రేలికి తగిలిస్తే 71 చూపించింది. ఆ ఎత్తులో ఆరోగ్యవంతులకు కూడా ఎనభైకి అటూ ఇటూ ఉండడం కద్దుగాని, 71 అంటే ఉపేక్షించరాదు. లేహ్ ఆసుపత్రికి ఫోను చేయాలని జేబులోనుండి తీశాము. బ్యాటరీ 41 శాతం, ఒకే ఒక గీత సంకేతం. నంబరు కొరకు వెతుకుతూ ఉండగానే తెర చటుక్కున ఆరిపోయింది. ఎంత నొక్కినా లేవలేదు.

ఆ నిమిషంలో మాకు కలిగిన భావం చెప్పడం కష్టం. ముప్ఫై ఏళ్ళ క్రిందట ఒక ప్రాజెక్టు స్థలంలో పనిచేసే రోజులలో ట్రంకాల్ బుక్ చేసి గంటల తరబడి కూర్చున్న అనుభవం ఉన్నది. అప్పుడు కోపం ఉండేది గాని ఇంతటి నిస్సహాయత ఉండేది కాదు. కావలసినవన్నీ ఒక్క పెట్టెలో పెట్టి, ఆ పెట్టె తాళం మంచులో పారవేసినట్లున్నది.

మా శ్రీమతి అంత బాధలోనూ తన సంచీని చూపించింది. చేతిపుస్తకం తీసి పరుగున డ్రైవరు గుడారానికి వెళ్ళాము. అతడు తన ఫోనును లోపలి చొక్కాలో నుండి తీశాడు. మూడవ ప్రయత్నంలో లేహ్ ఆసుపత్రి పలికింది. ప్రాణవాయువు పెట్టండి, ఆలస్యం చేయకుండా క్రిందికి దింపండి అన్నారు. శిబిరం యజమానురాలు అప్పటికే సిలిండరు మోసుకొని వచ్చింది. క్రిందికి అనగానే లేహ్ గుర్తుకు రావచ్చు గాని, లేహ్ పోవాలంటే 5,360 మీటర్ల చాంగ్ లా దాటాలి, అంటే దిగడానికి ముందు వెయ్యి మీటర్లకు పైగా ఎక్కాలి. డ్రైవరు ఆ సంగతి తెలిసినవాడు. "తాంగ్చే పోదాం సాబ్, ఇక్కడికంటె దిగువ, అక్కడ ఆసుపత్రి ఉంది" అన్నాడు. నలభై కిలోమీటర్లు, గంటన్నర ప్రయాణం. తాంగ్చే పాంగాంగ్ కంటె సుమారు మూడు వందల మీటర్లు దిగువ మాత్రమే గాని, చేరేసరికి ఆక్సిమీటరు 79 చూపించింది. అక్కడి వైద్యుడు పరీక్షించి, ఊపిరితిత్తులలో నీరు చేరలేదని చెప్పి మందులిచ్చారు. తెల్లవారేసరికి ఆమె కాఫీ అడిగింది. మా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఫోను సంగతికి వస్తే, తెల్లవారి దానిని స్వెట్టరు లోపల అరగంట ఉంచి వెలిగించగా ఏమీ ఎరుగనట్లు 36 శాతం చూపించింది. డ్రైవరు చూసి, "బ్యాటరీకి కూడా చలి వేస్తుంది సాబ్" అన్నాడు. ఇంజనీరు భాషలో చెప్పినా అంతకంటె ఎక్కువ ఉండదు. లిథియం బ్యాటరీలో విద్యుత్తును మోసే అయానులు చలిలో మందగిస్తాయి, దాని అంతర్నిరోధం పెరుగుతుంది. లోపల విద్యుత్తు నిల్వ ఉన్నా, ఒక్కసారిగా ఎక్కువ ప్రవాహం అడిగితే వోల్టేజి పడిపోతుంది. ఒక హద్దుకు మించి పడిపోగానే రక్షణ వలయం ఫోనును ఆపివేస్తుంది. దానికితోడు దూరపు టవరును అందుకోవడానికి ఫోను తన ప్రసార శక్తిని హెచ్చిస్తుంది. అంటే చలి ఎక్కువై సంకేతం తక్కువైన చోటనే అది అత్యధిక ప్రవాహం కోరుతుంది. ఐదేళ్ళ బ్యాటరీ ఆ రెండింటి మధ్య నలిగిపోయింది.

ఆ రాత్రి ఆవేశంలో, తిరిగి వెళ్ళగానే ఐఫోన్‌కు మారిపోదామని నిశ్చయించుకున్న మాట వాస్తవం. తాంగ్చేలో విశ్రాంతిగా గడిపిన ఆ పగలు ఆలోచిస్తే ఆ నిశ్చయం నిలువలేదు. బ్యాటరీ రసాయనానికి ఆపరేటింగ్ సిస్టమ్‌తో పని లేదు. ఐఫోన్‌ను సున్నా నుండి 35 డిగ్రీల మధ్య వాడవలసిందని ఆపిల్ సంస్థయే సూచిస్తున్నది. 2017 డిసెంబరులో ఆ సంస్థ, పాతబడిన బ్యాటరీలు గల ఫోన్లు హఠాత్తుగా ఆగిపోకుండా ఉండేందుకు వాటి వేగాన్ని తగ్గిస్తున్నట్లు అంగీకరించి, 2018లో కొత్త బ్యాటరీ వేయించుకొనే రుసుమును 79 డాలర్ల నుండి 29 డాలర్లకు దించింది. పాంగాంగ్ ఒడ్డున ఆ రాత్రి మా చేతిలో ఐదేళ్ళ ఐఫోన్ ఉన్నా ఫలితం అదే అయ్యేదేమో.

ఒక రోజు విశ్రాంతి తరువాత వైద్యుని అనుమతితో, వెంట సిలిండరుతో, చుషూల్ మీదుగా హాన్లే బయలుదేరాము. దారిలో రెజాంగ్ లా స్మారకం వద్ద ఆగాము. 1962 నవంబరు 18న మేజర్ షైతాన్ సింగ్ నాయకత్వంలో 13 కుమావూఁ దళం వారు చివరి తూటా వరకు పోరాడిన చోటు అది. అక్కడ నిలబడినప్పుడు ఫోనును గూర్చిన ఆలోచన రాలేదు.

హాన్లేను చూడవలెనన్నది మా చిరకాల వాంఛ. విశాలమైన మైదానం మధ్య ఒక గుట్ట, దాని మీద 4,500 మీటర్ల ఎత్తున భారతీయ ఖగోళ వేధశాల. రెండు మీటర్ల దర్పణం గల హిమాలయన్ చంద్ర టెలిస్కోపు అక్కడ ఉన్నది. 2000 సెప్టెంబరులో అది తొలిసారి నక్షత్ర కాంతిని చూసింది. దానిని నడిపే ఖగోళ శాస్త్రజ్ఞులు ఆ గుట్ట మీద కూర్చొనరు. రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరాన, బెంగళూరు సమీపంలోని హోస్కోటెలో కూర్చొని, ఉపగ్రహ సంబంధం ద్వారా ఇక్కడి దూరదర్శినిని త్రిప్పుతారు. మా ఫోను గుడారం పక్కనున్న డ్రైవరుకైనా మాట అందించలేకపోయిన వారంలోనే మేము ఈ ఏర్పాటును చూశాము. కాని పోల్చడం న్యాయం కాదు. ఈ పరికరాన్ని నిర్మించినవారు మొదటి రోజునే చలిని, పలుచని గాలిని, తెగిపోయే సంబంధాలను లెక్కలో వేసుకున్నారు. మా ఫోనును నిర్మించినవారు మా పట్టణాన్ని లెక్కలో వేసుకున్నారు, అంతే.

కొంత దూరాన మేస్ దూరదర్శిని నిలబడి ఉన్నది. గామా కిరణాలు వాతావరణాన్ని తాకినప్పుడు పుట్టే క్షణికమైన నీలికాంతిని పట్టే ఆ పరికరం పళ్ళెం వ్యాసం 21 మీటర్లు. దాని మీద 356 దర్పణ ఫలకాలు. దానిని నిర్మించినది హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్., భాభా అణు పరిశోధన కేంద్రం మొదలైన సంస్థల తోడ్పాటుతో. మేము తిరిగి వచ్చాక 2024 అక్టోబరు 4న దాని ప్రారంభోత్సవం జరిగింది. ఒక సోదర ప్రభుత్వరంగ సంస్థ చేతిపని, అందునా మన ఊరిది, అంత ఎత్తున నిలబడి ఉండడం చూసి మేము పొందిన గర్వాన్ని ఈ పత్రిక పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు.

2022లో హాన్లే పరిసరాలను చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. రాత్రివేళ ఆరుబయట దీపాలు వెలిగించరు, కిటికీలకు దట్టమైన తెరలు వేస్తారు. స్థానిక యువతీయువకులకు శిక్షణనిచ్చి చిన్న దూరదర్శినులు సమకూర్చారు. మాకు ఆకాశం చూపిన లదాఖీ యువతి మొట్టమొదట చెప్పిన మాట, దయచేసి ఫోనును జేబులో పెట్టుకోండి అని. తెర వెలుగు ఒక్కసారి కంట పడితే చీకటికి అలవాటుపడిన చూపు మళ్ళీ రావడానికి ఇరవై నిమిషాలు పడుతుందట. పాలపుంత ఈ కొస నుండి ఆ కొసకు నీడ వేస్తుందా అన్నట్లు వెలుగుతున్నది. మా శ్రీమతి కంబళి కప్పుకొని, చిన్నతనంలో మిద్దె మీద వాళ్ళ అమ్మ చూపించిన సప్తర్షి మండలాన్ని మాకు చూపించింది. ఒక్క ఛాయాచిత్రం కూడా తీయలేదు.

ఇంటికి వచ్చాక అల్లుణ్ణి కూర్చోబెట్టి అభియోగాలన్నిటినీ పంపకం చేశాము. ప్రీపెయిడ్ సంగతి ప్రభుత్వ నిబంధన. చలిలో ఆరిపోవడం రసాయన ధర్మం, వయోభారం. నిల్వ నిండిపోవడం గులాబీల పుణ్యం. ప్రకటనలు తయారీదారు లోభం, అదే ఆండ్రాయిడ్ వాడే వేరొక సంస్థ ఫోనులో అవి ఉండకపోవచ్చు. మిగిలినది ఒకే ఒక పెద్ద అభియోగం, సవరణలు ఆగిపోవడం. ఈ విషయంలో మా అల్లుడి వాదం బలమైనదని ఒప్పుకోక తప్పదు. 2018లో వచ్చిన ఐఫోన్ ఎక్స్‌ఆర్‌కు 2024లో విడుదలైన ఐఓఎస్ 18 కూడా అందింది. అయితే ఇటువైపు కూడా మార్పు వచ్చింది. 2023లో గూగుల్ తన పిక్సెల్ 8కు, 2024లో శాంసంగ్ తన గెలాక్సీ ఎస్24కు ఏడేళ్ళపాటు సవరణలు పంపుతామని ముందుగానే ప్రకటించాయి. కనుక కొనేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న కెమెరాను గూర్చి కాదు, ఎన్నేళ్ళు గుర్తుంచుకుంటారు అని. ఏ రాజ్యం శాశ్వతమన్న ప్రశ్న కూడా ఉన్నది లెండి. ఒకనాడు విండోస్ ఫోనును నమ్ముకున్నవారు, బ్లాక్‌బెర్రీని నమ్ముకున్నవారు మా కార్యాలయంలోనే ఉండేవారు. 2022 జనవరి 4తో పాత బ్లాక్‌బెర్రీ ఫోన్ల సేవలు నిలిచిపోయాయి.

ఐఫోన్ వైపు మాకు ఒక చిలిపి అభ్యంతరం కూడా ఉండేది. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ప్రపంచమంతటా ఐఫోన్లను కూలద్రోసిన ఉదంతం చాలామందికి గుర్తుండే ఉంటుంది. "జ్ఞా" అన్న అక్షరం, నడుమ కంటికి కనబడని ఒక సంకేతంతో కలిసి సందేశంగా వస్తే దానిని తెర మీద పేర్చలేక ఆ యాప్ కుప్పకూలేది. ఫిబ్రవరి 19న ఆపిల్ సవరణ పంపేవరకు మన జ్ఞానాన్ని ఆ ఫోను భరించలేకపోయింది. అల్లుడు ఆ మాటకు నవ్వి, మామయ్యగారూ, ఆరేళ్ళ క్రితం సంగతి, ఇప్పుడు శుభ్రంగా భరిస్తుంది అన్నాడు.

చివరికి తీర్మానం విచిత్రంగా జరిగింది. మేము ఆండ్రాయిడ్‌లోనే ఉండిపోయి, ఏడేళ్ళ హామీ గల ఒక ఫోను కొనుక్కున్నాము. దాని ధర మా మొదటి స్కూటరు ధర కంటె చాలా ఎక్కువ అన్న బాధ ఇంకా ఉన్నది. మారినది మా శ్రీమతి! ఆండ్రాయిడ్ నుండి ఐఫోన్‌కు వాట్సాప్ సందేశాలను తరలించే వీలు 2022 నుండి ఉన్నదని అల్లుడు తెలుసుకొని వచ్చాడు. అయితే కొత్త ఫోను గాని, పూర్తిగా చెరిపిన ఫోను గాని కావాలి. అతడు తన పాత ఐఫోన్‌ను మొత్తం చెరిపి, 2024 దసరా సెలవులలో ఒక రాత్రి ఆ పని మొదలుపెట్టాడు. రెండు ఫోన్లూ చార్జరుకు తగిలించి బల్ల మీద పక్కపక్కన ఉంచాడు. మా శ్రీమతి పడుకోకుండా వాటి ముందే కుర్చీ వేసుకొని కూర్చున్నది. అర్ధరాత్రి దాటాక తరలింపు పూర్తయింది. ఆమె కొత్త ఫోనులో వెనుకకు, ఇంకా వెనుకకు జరుపుకుంటూ పోయి ఒక చోట నొక్కింది. "ఏమ్మా, ఆవపిండి మరీ ఎక్కువ వేయకు, చేదెక్కుతుంది" అని మా అత్తగారు పలికారు. అయినా పాత ఫోనును ఆమె పారవేయనివ్వలేదు, చీరల బీరువాలో పెట్టింది.

మా పాత ఫోనుకు మాత్రం కొత్త బ్యాటరీ వేయించి కారులో దారి చూపే పనికి నియమించాము. ఇంటిలో ఇప్పుడు ఇద్దరికీ రెండు రకాల చార్జర్లు. నాది ఎక్కడ, మీది ఇది అన్న వాదం రోజుకొకసారి తప్పదు. వచ్చే ఎల్.టి.సి.కి అరుణాచల్‌లోని తవాంగ్ అనుకుంటున్నాము. అక్కడికీ అనుమతి పత్రం కావాలి గనుక కాగితాలు నాలుగేసి నకళ్ళు తీయించి ఉంచాము. చేతిపుస్తకంలో ఒక కొత్త పుట తెరిచాము. సేలా కనుమ ఎత్తు 13,700 అడుగులని అంటారు. అక్కడ మూడు ఫోన్లనూ స్వెట్టరులో నుండి తీసి పక్కపక్కన పెట్టి చూడాలని ఉన్నది.